డింకా భాషా ధ్వనులు – లేఖన పఠనము

బైబిలు అనువాదమనగానే మనము పదాల ఎంపికను గూర్చి ఆలోచిస్తాము. అనువదించిన వాక్యాన్ని సంఘములో బిగ్గరగా చదవవలసిన వానికి లిపి ఎంతవరకు తోడ్పడుతుందన్నది వేరే ప్రశ్న. నైలోటిక్ భాషలలో పశ్చిమ శాఖకు చెందిన దక్షిణ సూడాను భాష డింకాలో ఈ ప్రశ్న తీవ్రమైనది.

డింకా ధాతువులు ఎక్కువగా ఏకాక్షరాలు. అందుచేత అర్థభేదాల భారము చాలవరకు ఆ ఒక్క అక్షరంలోని అచ్చుపై పడుతుంది. మూల అచ్చులు 7. మనకు హ్రస్వ దీర్ఘాలు రెండే; వారికి పరిమాణాలు 3. (మన ప్లుతము దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు వినబడుతుంది గాని పదార్థాన్ని మార్చదు. డింకాలో మూడవ పరిమాణము మారుస్తుంది.) పైగా అచ్చును మామూలు కంఠముతో గాని, ఊపిరి కలిసిన కంఠముతో గాని పలుకుతారు. మనము భ, ధ లలో హల్లుతో విడిచే ఊపిరి అచ్చంతటా పరచుకొన్నట్లు ఊహించుకోవచ్చు. వీటన్నిటిపై స్వరస్థాయి: మాండలికాన్ని బట్టి 3 లేక 4 రకాలు. వచనభేదము సైతం తరచుగా అచ్చులోనే కనబడుతుంది. 'మెత్' అంటే బిడ్డ, 'మిత్' అంటే బిడ్డలు. మన 'లు' వంటి ప్రత్యయము లేదు.

హల్లులను గూర్చి ఒక్క మాట చాలును. రోమన్ లిపిలో 'డి' పక్కన 'హెచ్' కనబడితే మనవారు 'ధ' అని చదువుతారు. అది మన 'ద' మాత్రమే.

దక్షిణ సూడాను భాషలకు రోమన్ లిపిని, కొన్ని అదనపు అక్షరాలను 1928లో రెజాఫ్‌లో జరిగిన భాషా సమావేశము సిఫారసు చేసింది. నేటి డింకా రాతలో ఊపిరి కలిసిన అచ్చుకు పైన రెండు చుక్కలు పెడతారు. పరిమాణము కొంతవరకే తెలుస్తుంది. స్వరస్థాయికి గుర్తే లేదు.

ఇదే అసలు చిక్కు. టార్బెన్ ఆండర్సన్ పరిశోధన ప్రకారం, అగార్ మాండలికంలో క్రియ తరువాత వచ్చే కర్తను స్వరస్థాయి సూచిస్తుంది. మనకు 'ని', 'ను' చేసే పనికి ఇది దగ్గరిది. ఎవరు ఎవరిని క్షమించారో చదువరి ముందే గ్రహించి పలకాలి. అలవాటు పడినవారికి సందర్భమే చాలును. కొత్తగా చదువు నేర్చినవారు తడబడతారు.

అన్నిటికీ గుర్తులు పెట్టాలనేవారితో నేను ఏకీభవించలేను. స్వరస్థాయి మాండలికానికో తీరుగా ఉన్నప్పుడు ఒకరికి సాయపడే గుర్తు మరొకరికి అడ్డమవుతుంది. సందిగ్ధమైన చోట మాత్రమే గుర్తు పెట్టడము మేలు. ఆ చోట్లు అనువాదకుని బల్లవద్ద తెలియవు. వాక్యభాగాన్ని మునుపు చూడనివారిచేత చదివించి, విన్నవారిని "ఎవరు ఎవరిని?" అని అడగాలి.