నీటికి చోటు

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో విజయవాడకు వాటిల్లిన విపత్తును మన పాఠకులు మఱచియుండరు. ఎగువన కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగెను. ఆ యేటినీటిని కృష్ణలోనికి మళ్లించు కాలువకు మూడుచోట్ల గండ్లు పడెను. ఆ దినములలోనే కృష్ణానది ప్రకాశము బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైబడి ప్రవహించుచుండెను. సింగునగరు మొదలగు పేటలలోని గృహస్థులు మేడలపై నిలిచి, చుట్టును నీరున్నను త్రాగునీటికై పడవలకు ఎదురుచూచిరి. అందఱును బుడమేరును నిందించిరి. కాని బుడమేరు క్రొత్తగా వచ్చినది కాదు. కొల్లేటికి పోవు తన పాతదారినే అది పోయినది. ఆ దారిలో ఇండ్లు కట్టుకొన్నవారము మనము. నీరు పల్లమెఱుగునని పెద్దలు చెప్పిరి. పల్లమెక్కడనున్నదో మనము మఱచితిమి.

ఇట్టి వానలు ఇకముందు అరుదుగా నుండవు. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో నూటికి సుమారు 7 వంతుల తేమను అధికముగా నిలుపుకొనగలదని శాస్త్రజ్ఞులు నిర్ధారించియున్నారు. కావున ఏటి మొత్తము వర్షపాతము పెరిగినను పెరుగకున్నను, కురిసినపుడు ఒక్కుమ్మడిగా కురియుటయు, తక్కిన దినములలో ఎండలు మండుటయు హెచ్చగును. దీనికి మన పురపాలక సంఘములు ఎఱిగిన మందు ఒక్కటే: కాలువలను లోతుచేసి, సిమెంటు గోడలు కట్టి, వాననీటిని వీలైనంత త్వరగా ఊరి వెలుపలికి తఱిమివేయుట. తఱిమిన నీరు దిగువవాని ఇంటికి పోవును. వేసవి వచ్చునప్పటికి మన బావిలో చుక్క యుండదు.

ఈ మందు చాలదని చెప్పుచున్నవారిలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులు ముఖ్యులు. ఈ పేరు మనలో పెక్కుమందికి క్రొత్త. భూరచనాశిల్పులని మనము చెప్పుకొనవచ్చును. భవనములన్నియు పూర్తియైన పిదప పచ్చిక పఱచి పూలమొక్కలు నాటించువారని వీరిని గూర్చి లోకము తలంచుచున్నది. అది పొరపాటు. నేల యెటు వాలియున్నది, వాననీరు ఎచ్చట పుట్టి ఎచ్చట నిలుచును, ఏ మట్టి నీటిని పీల్చును, ఏ చెట్టు వేళ్లు గట్టును పట్టియుంచును, జనులు ఎచ్చట నడచి ఎచ్చట నీడను కోరుదురు అను విషయములన్నిటిని కలిపి విచారించి, నేలకు తగిన రూపమొసగుటయే వీరి వృత్తి.

ఈ వృత్తికి ఆద్యులలో అగ్రగణ్యుడగు ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, అమెరికాలోని బోస్టను నగరమున పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున చేసిన పని ఇందుకు నిదర్శనము. మడ్డీ అను చిన్న యేఱును, పట్టణపు మురుగును, సముద్రపు పోటును కలిసి బ్యాక్‌బే అను పల్లపుభూమిని దుర్గంధమయమగు బురదగా చేసియుండెను. ఓమ్‌స్టెడ్ ఏటికి వంపులు తీర్చి, పొంగిన నీరు వ్యాపించి నిలుచుటకు విశాలమగు తుంగభూమిని కల్పించెను. చూచువారికి అది ఉద్యానవనము. నిజమునకు అది వరదకు చేసిన ఏర్పాటు. తరువాతివారు ఈ మర్మమును మఱచిరి. ఇరువదవ శతాబ్దపు నడుమ ఆ యేటిలో కొంతభాగమును గొట్టములలోనికి త్రోసి, పైన మోటారుబండ్లు నిలుపు మైదానము చేసిరి. 1996 అక్టోబరులో వచ్చిన పెద్దవానకు ఏఱు పొంగి, భూగర్భ రైలు స్టేషనులోనికి సైతము నీరు ప్రవేశించెను. తుదకు పూడ్చిన యేటిని మరల త్రవ్వి వెలుగులోనికి తెచ్చిరి. ఆ పనిలో మొదటి భాగము 2016లో ముగిసెను. ఒకడు ముందుచూపుతో తీర్చినదానిని చెఱచి, మరల తీర్చుకొనుటకు ప్రజాధనము వ్యయమయ్యెను.

ఇంతకంటె మనకు దగ్గఱ దృష్టాంతము చైనాలో నున్నది. యు కొంగ్జియాన్ అను శిల్పి 1963లో ఝెజియాంగు రాష్ట్రమున ఒక పల్లెలో జన్మించి, హార్వర్డు విశ్వవిద్యాలయమున 1995లో డాక్టరు పట్టమునొంది, స్వదేశమునకు మరలివచ్చి పెకింగు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆయన బోధించినది పరదేశపు విద్య కాదు. వరిమడికి గట్టు, ఊరికి చెఱువు, చేనికి కుంట అను విధమున తన పల్లెరైతులు తరతరములుగా నీటిని నిలుపుకొన్న నేర్పునే ఆయన నగరములకు చెప్పెను. నగరము స్పాంజివలె వానను పీల్చుకొని నిదానముగా విడువవలెనని ఆయన వాదము. పాలకులు చిరకాలము చెవియొగ్గలేదు. 2012 జులై 21న బీజింగులో వచ్చిన వరదకు 79 మంది మరణించిన పిదప వారి మనస్సు మాఱెను. 2015లో మొదటి ప్రయోగమునకు 16 నగరములు ఎన్నుకొనబడెను. తన ప్రాంతమగు జిన్హువాలో ఆయన ఏటియొడ్డున నున్న సిమెంటు వరదగోడను తీయించి, మెట్లుమెట్లుగా మట్టిగట్లు తీర్చి, గడ్డి పెంచి, వరద వచ్చినపుడు మునుగుటకే ఒక ఉద్యానమును నిర్మించెను. తోట మునిగినను జనులు నడచు వంతెన నీటిపై నిలుచును. ఈ ఆచార్యుడు 2025 సెప్టెంబరు 23న బ్రెజిలు దేశమున విమానప్రమాదమునందు మరణించెను.

ఈ విద్య సర్వరోగనివారిణి కాదనియు ఒప్పుకొనవలెను. 2021 జులై 20న ఝెంగ్‌ఝౌ నగరమున ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన కురిసినది. స్పాంజినగరపు పనులు అప్పటికే అచ్చట సాగుచుండెను. అయినను భూగర్భ రైలులోనే 14 మంది ప్రాణములు కోల్పోయిరి. అట్టి వానకు తుంగభూములు మాత్రమే చాలవు. మంచి కాలువలును, సకాలమున హెచ్చరికలును, జనులను తరలింపగల అధికారులును ఉండనే వలెను. కాని సామాన్యముగా వచ్చు పెద్దవానకు చోటు చూపినచో, అసామాన్యమగు వాననాడు కాలువలకు కొంత ఊపిరి మిగులును.

చైనా ఆచార్యుని మాటలు తెలుగు రైతునకు క్రొత్తగా తోచవు. కాకతీయుల కాలపు పాఖాల, రామప్ప చెఱువులు నేటికిని నిలిచియున్నవి. ఒక చెఱువు అలుగు పాఱి దిగువ చెఱువును నింపు గొలుసుకట్టు మన దేశపు నేలను చదివి తీర్చిన శిల్పమే. ఆ గొలుసు బాగుగా నున్నంతకాలము రక్షించును, చెడినచో భక్షించును. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచినపుడు ఎగువ చెఱువులు వరుసగా తెగుట ఆ ప్రళయమును పెంచెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన వరదను నిలుపు జలాశయములు నిర్మింపబడెను. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. నీటిని తఱుముటకంటె నిలుపుట మేలని నాటివారు గ్రహించిరి. అట్టి నగరమే చెఱువుల నడుమ దారులను పూడ్చుకొని 2020 అక్టోబరులో మరల మునిగెను.

ఇచ్చట మనలను మనము ప్రశ్నించుకొనవలసియున్నది. చెఱువు శిఖపుభూమిని ఇంటిస్థలములుగా కోసి అమ్మినవారు ఎవరు? వాగు ప్రక్క నేల చౌకయని కొన్నవారు ఎవరు? పరదేశీయులు కారు, ఈ పత్రికను చదువు భూస్వాములలోను, పట్టణవాసులలోను వారున్నారు. నీటిదారిని మరల విడిపించుటలో పేదవాని పాకను పెఱికి, ధనవంతుని ప్రహరీని విడిచిపెట్టుట శిల్పము కాదు, అన్యాయము. తెలియక కొన్న చిన్న గృహస్థునకు పరిహారమును, వేఱొకచోట నివేశనస్థలమును ఇచ్చిన పిమ్మటనే అతనిని లేపవలెను.

మనము కోరునది గొప్ప వ్యయముతో కూడినది కాదు. క్రొత్త పేటకు అనుమతి నీయకముందే ఆ నేలపై నీటిదారిని గుర్తింపవలెను. కాలువకు గోడ కట్టకముందే ఇంజనీరును భూరచనాశిల్పియు ఒకచోట కూర్చుండవలెను. ఆ చెఱువుక్రింద సాగుచేసిన ముసలిరైతును గూడ పిలిచి అడుగవలెను. విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఈ విద్యను బోధించుచున్నది. మునిగిన నగరమున చదివినవారికి ఆ నగరముననే పని చూపలేకున్నచో, లోపము వారిది కాదు. వాన మన అనుమతి నడుగదు. దానికి మనమే చోటు చూపుదుమా, తానే వెదకుకొనునట్లు విడుతుమా అనునది మాత్రమే మన చేతిలోనున్నది.