గంటలో రక్తం ఎంత దిగింది?

పిల్లలూ! చెరువు నీళ్ళను గ్లాసులో కదలకుండా ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది గదా! గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని సన్నని గాజుగొట్టంలో నిలబెట్టినా అంతే. ఎర్రకణాలు దిగుతాయి, పైన పసుపుపచ్చని ద్రవం తేరుకుంటుంది. గంటలో ఎన్ని మిల్లీమీటర్లు దిగాయో చూస్తారు. ఇదే ఈ.ఎస్.ఆర్. పరీక్ష. 1921లో స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ వివరించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉన్నదంటే నాకు ఆశ్చర్యమే.

దీనికీ కీళ్ళ జబ్బుకూ ఏం సంబంధం? రుమటాయిడ్ కీళ్ళవాతంలో, శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి సొంత కీళ్ళమీదనే పడుతుంది. కీళ్ళు వాస్తాయి. తెల్లవారి లేస్తే వేళ్ళు ముడవటమే కష్టం. వాపు హెచ్చినప్పుడు కాలేయం ఫైబ్రినోజెన్ అనే మాంసకృత్తును ఎక్కువగా తయారు చేస్తుంది. దానివల్ల ఎర్రకణాలు నాణేల దొంతరలలాగా అంటుకుని గబగబా దిగుతాయి.

1930లో న్యూయార్కులో టిలెట్, ఫ్రాన్సిస్ అనే వారు న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టిన సి.ఆర్.పి. ఇంకా చురుకైనది. వాపు రేగిన కొద్ది గంటలకే పెరుగుతుంది, చల్లారితే త్వరగా తగ్గుతుంది. ఈ.ఎస్.ఆర్. నింపాదిగా దిగివస్తుంది. మందు పనిచేస్తున్నదీ లేనిదీ తెలుసుకోవటానికి డాక్టరుకు ఈ అంకెలు పనికివస్తాయి.

అయితే వేరే జబ్బు చేసినా ఇవి పెరుగుతాయి. కొందరికి కీళ్ళు వాచినా పెరగవు. కనుక "రిపోర్టు బాగుంది గాని వేళ్ళు నొస్తున్నాయిరా" అని మీ అమ్మమ్మ అంటే, అది వట్టి మాట అనుకోకండి. డాక్టరు కూడా అలా అనుకోడు. భుజాలు మొదలు మోకాళ్ళ దాకా 28 కీళ్ళు నొక్కి చూస్తాడు. తరువాత ఒక గీత చూపించి, తనకెలా ఉన్నదో ఆమెనే దానిమీద గుర్తు పెట్టమంటాడు. ఆ గుర్తునూ రక్తపు అంకెతో కలిపే లెక్క కడతాడు.