జోడు గొంతులు

యుగళగీతం అనగానే మనకు వెన్నెల, పూలతోట, నాయికానాయకులు గుర్తుకు వస్తారు. ఇద్దరు మగవారు కలిసి పాడే పాట మాట ఎవరికీ తట్టదు. కాని విని చూడండి, ఆ రుచి వేరు. స్త్రీ పురుషుల గొంతులకు ప్రకృతే ఎడం కల్పించింది. ఒకటి పైస్థాయిలో, ఒకటి కింద, తమంత తామే సర్దుకుంటాయి. ఇద్దరు పురుషుల గొంతులు మాత్రం ఒకే గదిలో కాపురమున్న అన్నదమ్ముల వంటివి. ఒకరు కాస్త ఒదిగితే గాని ఇద్దరికీ చోటు చాలదు. ఈ పాటల సొగసంతా ఆ ఒదుగుటలోనే ఉన్నది.

కర్ణాటక సంగీతంలో ఆలత్తూరు సోదరుల సంగతి తీసుకోండి. పేరుకు సోదరులే గాని వారు తోడబుట్టినవారు కారు. శివసుబ్రహ్మణ్య అయ్యర్ గురువుగారి కుమారుడు, శ్రీనివాస అయ్యర్ ఆ గురువుగారి శిష్యుడు. ఒకరి వద్దనే పాఠం నేర్చిన ఆ ఇద్దరు తమిళులూ మన త్యాగయ్య తెలుగు కృతులను ఏళ్ళ తరబడి జంటగా పాడారు. జంట కచ్చేరీలో కృతి కలిసి పాడతారు; స్వరకల్పనకు వచ్చేసరికి వంతులు. ఒకరు అల్లుతుంటే రెండవవారు తాళం వేస్తూ వింటారు. ఆ వినడమూ పాటలో భాగమే. ముందువారు విడిచినచోటనే తాము అందుకోవాలి గదా! చిత్రమేమిటంటే, సంగీత కళానిధి బిరుదు కూడా వారిని వంతులవారీగానే వరించింది: 1964లో ఒకరిని, 1965లో మరొకరిని.

సినిమా పాటలోనూ ఈ మర్యాద కద్దు. విశ్వనాథవారి నవల ఆధారంగా 1969లో "ఏకవీర" చిత్రం వచ్చింది. అందులో మిత్రులిద్దరూ వసంతరాత్రిని గురించి పాడే పాటకు మహదేవన్ బాణీ కట్టారు. రామారావుకు ఘంటసాల, కాంతారావుకు బాలసుబ్రహ్మణ్యం పాడారు. 1922లో పుట్టిన ఘంటసాల అప్పటికి తెలుగు పాటకు మకుటంలేని మహారాజు. 1946లో పుట్టిన బాలసుబ్రహ్మణ్యం చిత్రసీమకు కొత్త. అయినా ఆ పాటలో పెద్ద గొంతు చిన్న గొంతును కప్పివేయదు. చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నట్లుంటుంది. కథలో ఈ మిత్రులలో ఒకరు వలచిన పిల్ల మరొకరికి ఇల్లాలవుతుంది. అది తెలిసి వింటే ఆ రెండు గొంతుల చెలిమి మనసును మెలిపెడుతుంది.

పాశ్చాత్యుల పద్ధతి వేరు. వారికి వంతులతో పని లేదు. రెండు గొంతులూ ఒకేసారి వేర్వేరు స్వరాలు పలుకుతాయి. అమెరికాలో డాన్, ఫిల్ ఎవర్లీ అనే అన్నదమ్ములు 1957లో పాడిన "బై బై లవ్" అందుకు మచ్చుతునక. అన్న వరుస పాడుతుంటే తమ్ముడు ఒక మెట్టు పైన నీడవలె వెంట నడుస్తాడు. గొంతులు అంతగా కలిసినా మనసులు కలవలేదు. 1973లో కచ్చేరీ మధ్యలో తమ్ముడు గిటారు పగులగొట్టి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఇద్దరూ ఒక వేదిక ఎక్కడానికి పదేళ్ళు పట్టింది.

వారి పాటలు వింటూ గొంతు కలపడం నేర్చినవారు న్యూయార్కు బాల్యమిత్రులు పాల్ సైమన్, ఆర్ట్ గార్ఫంకెల్. 1970లో వచ్చిన "బ్రిడ్జ్ ఓవర్ ట్రబుల్డ్ వాటర్" వ్రాసినవాడు సైమన్. పాడింది చాలావరకు గార్ఫంకెల్ ఒక్కడే. కడపటి చరణంలో మాత్రం సైమన్ గొంతు కలుపుతాడు. సభలో జనం చప్పట్లు కొడుతుంటే, అది తన పాట గదా అని పక్కన కూర్చుని లోలోపల అనుకునేవాడినని ఆయన తరువాత చెప్పుకున్నాడు. ఆ ఏడే జంట విడిపోయింది. ఒదగడం ఊరికే రాదు. దానికి వెల ఉన్నది.

విధి విడదీసిన జంటలు మరికొన్ని. ధ్రుపద గాయకులు డాగర్ సోదరులలో అన్న మొయినుద్దీన్ 1966లో కాలం చేశారు. తమ్ముడు అమీనుద్దీన్ 2000 వరకు జీవించి, ఇద్దరి విద్యనూ ఒక్క గొంతుతో మోశారు. మన తిరుపతి వేంకట కవులు గుర్తుకు రావడం లేదూ? 1920లో తిరుపతిశాస్త్రిగారు పోయిన తరువాత కూడా, చెళ్ళపిళ్ళవారు తాము ఒంటరిగా వ్రాసినవాటిపై ఇద్దరి పేర్లూ వేసేవారు.

ఈసారి ఇంట్లో ఇలాంటి పాట మోగినపుడు రెండుసార్లు వినండి. మొదటిసారి పైకి వినిపించే గొంతు వెంట పొండి. రెండవసారి, దానికి దారి ఇచ్చిన గొంతును వెతకండి. ఇన్నాళ్ళూ మనం వినకుండా వదిలేసిన సగం పాట అక్కడ దొరుకుతుంది.