కర్సర్ బొమ్మలో భాగం కాదు

మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు సినిమాకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ నిలయమయ్యాక, కెమెరా పని ముగిసిన తర్వాత సాగే పని కూడా హైదరాబాదులో బాగా పెరిగింది. విజువల్ ఎఫెక్ట్స్‌లో వాడే న్యూక్, హౌడినీ, మాయా లైనక్స్ మీద చక్కగా నడుస్తాయి. ఫొటోషాప్‌కు మాత్రం లైనక్స్ కూర్పు లేదు. అందుకే లైనక్స్ యంత్రంలోనే విండోస్‌ను వర్చువల్ మెషీన్‌గా నడపడం ఈ వృత్తిలో ఒక దారి. ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ పెట్టుకుని న్యూక్ నేర్చుకునేవారు ఇదే పనిని తిరగేసి, లోపల లైనక్స్ నడుపుతారు. రెండుచోట్లా ముందుగా పేచీ పెట్టేది మౌస్ కర్సరే. మాయమవుతుంది, జంటగా కనిపిస్తుంది, లేదా చూపినచోట కాకుండా పక్కన క్లిక్ పడుతుంది. వెంటనే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను తీసేసి మళ్లీ వేయడం చాలామందికి అలవాటు. అంతకుముందు రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోవాలి: కర్సర్‌ను గీస్తున్నది ఎవరు, అది ఎక్కడుందో నిర్ణయిస్తున్నది ఎవరు?

తెర మీది బొమ్మలో కర్సర్ సాధారణంగా భాగం కాదు. కెమెరా ముందు గాజు పలక నిలిపి, దాని మీద గీసిన కోటను అసలు దృశ్యంతో కలిపి చిత్రించే పాత ట్రిక్ షాట్ లాంటిదే ఇదీ. గ్రాఫిక్స్ కార్డు కర్సర్‌ను వేరే పొరలో ఉంచి, చివరి క్షణంలో బొమ్మ పైన కలుపుతుంది. అందువల్ల మౌస్ కదిలిన ప్రతిసారీ తెరంతా మళ్లీ గీయనక్కర్లేదు. స్క్రీన్‌షాట్‌లో కర్సర్ తరచూ కనిపించకపోవడానికి కారణమూ అదే. వర్చువల్ మెషీన్‌లో ఉండేది నకిలీ కార్డు. అది కర్సర్ ఆకారాన్ని బయటి వ్యవస్థకు అందిస్తే, గీసేది బయటి వ్యవస్థ. ఆ అందజేత తెగితే కర్సర్ మాయం. ఇద్దరూ గీస్తే రెండు కర్సర్లు. దీన్ని తేల్చే పరీక్ష సులువైనదే: లోపలి వ్యవస్థలో సాఫ్ట్‌వేర్ కర్సర్, అంటే వేరే పొర లేకుండా బొమ్మలోనే గీసే కర్సర్, ఎంచుకోవాలి. అప్పుడు కర్సర్ తిరిగి కనిపిస్తే లోపం ఆ పొరను అందించడంలోనే ఉంది, మౌస్‌లో లేదు.

స్థానం సంగతి ఇంకా ఆసక్తికరం. మామూలు మౌస్ తానెక్కడుందో చెప్పదు, ఎంత జరిగిందో మాత్రమే చెబుతుంది. ఆ కదలికకు బయటి వ్యవస్థ ఒక వేగం, లోపలిది ఇంకో వేగం జోడిస్తే రెండు లెక్కలూ విడిపోతాయి. అందుకే వర్చువల్ మెషీన్లను నడిపే ప్రోగ్రాముల్లో, క్యూఈఎంయూ అయితే మౌస్ బదులు యూఎస్‌బీ టాబ్లెట్‌ను చూపిస్తారు, వర్చువల్‌బాక్స్ అయితే లోపలి వ్యవస్థలో గెస్ట్ అడిషన్స్ అనే సాఫ్ట్‌వేర్ వేస్తారు. అప్పుడు లోపలికి వెళ్లేది కదలిక కాదు, నేరుగా స్థానం. తప్పు ఏ తీరుదో చూస్తే కారణం దొరుకుతుంది. మౌస్‌ను వేగంగా కదిపినకొద్దీ తేడా మారుతుంటే వేగం లెక్క తప్పింది. పై ఎడమ మూల నుంచి దూరం జరిగేకొద్దీ తేడా పెరుగుతుంటే డిస్‌ప్లే స్కేలింగ్ రెండు వైపులా ఒకటిగా లేదు. ఎక్కడైనా ఒకే తేడా ఉంటే హాట్‌స్పాట్, అంటే కర్సర్ బొమ్మలో అసలు క్లిక్ పడే బిందువు, బయటికి అందలేదు. లైనక్స్ కొత్త డిస్‌ప్లే పద్ధతిలో ఈ బిందువును చెప్పే వీలే చాలాకాలం లేదు. 2024 మార్చిలో వచ్చిన 6.8 కెర్నెల్‌లో అది చేరింది.

సాఫ్ట్‌వేర్ కర్సర్‌నే శాశ్వతంగా ఉంచేసుకుంటే పోదా అంటే, పోదు. అప్పుడు కర్సర్ బొమ్మతోపాటు ప్రయాణిస్తుంది, బొమ్మ ఆలస్యమైతే చేతికన్నా వెనకబడుతుంది. రెండు పిక్సెళ్లకు ఇంత రభస ఎందుకని కూడా అడగవచ్చు. సెకనుకు 24 ఫ్రేములు ఉండే సినిమాలో పది సెకన్ల షాట్ అంటే 240 ఫ్రేములు. నటుడి అంచు వెంట గీత గీసే రోటో కళాకారుడు, క్లిక్ పక్కకు పడిన ప్రతిచోటా తన గీతను తానే దిద్దుకోవాలి. కంప్యూటర్‌లో పుట్టిన ఈగను కథానాయకుణ్ని చేసిన 2012 నాటి ‘ఈగ’ను మెచ్చిన మనం ఆ శ్రమను చిన్నచూపు చూడకూడదు. బలమైన అభ్యంతరం మరొకటుంది: నేరుగా స్థానం పంపడం అన్నిచోట్లా పనికిరాదు. త్రీడీ ప్రోగ్రామ్ బ్లెండర్‌లో వస్తువును లాగుతుండగా కర్సర్ అంచు చేరితే, ప్రోగ్రామే దాన్ని అవతలి అంచుకు చేరుస్తుంది. స్థానం బయటి నుంచి వస్తున్నప్పుడు ఆ మార్పు నిలవదు, వస్తువు ఎటో ఎగిరిపోతుంది. అక్కడ కర్సర్‌ను అలా అవతలికి చేర్చే కంటిన్యూయస్ గ్రాబ్‌ను బ్లెండర్‌లో ఆపాలి, లేదా ఆ పని ముగిసేదాకా నేరుగా స్థానం పంపే మౌస్ ఇంటిగ్రేషన్‌ను ఆపి, కదలికను మాత్రమే పంపే పాత పద్ధతికి మళ్లాలి.