ముహూర్తం మార్చిన మాస్టారు

1930ల చివర్లో హనోయిలోని థాంగ్ లాంగ్ బడిలో ఒక చరిత్ర మాస్టారు ఉండేవాడు. ఆయనకు నెపోలియన్ యుద్ధాలంటే మహా ఇష్టం. ఏ దళం ఎటునుంచి వచ్చిందో, ఎక్కడ చుట్టుముట్టిందో నల్లబల్ల మీద గీసి మరీ చెప్పేవాడట. ఆయన మాత్రం ఏ సైనిక పాఠశాల గడపా తొక్కలేదు. పేరు వో గుయెన్ గియాప్. 1944 డిసెంబరు 22న 34 మందితో ఒక దళం కట్టాడు. పదేళ్లు తిరక్కుండానే వియత్నాంను ఏలుతూ వచ్చిన ఫ్రాన్స్ సైన్యాన్ని ఓడించాడు.

సేనాని అనగానే గుర్రమెక్కి కత్తి దూసిన బొమ్మే మనకు గుర్తొస్తుంది. పుస్తకాలు కూడా గెలిచిన రోజు గురించే ఎక్కువగా రాస్తాయి. నా లెక్కలో గియాప్ జీవితంలో అన్నిటికన్నా పెద్ద రోజు 1954 జనవరి 26. ఆ రోజు యుద్ధం జరగలేదు.

అంతకు మూడేళ్ల ముందు ఆయనకు గట్టి దెబ్బ తగిలింది. 1951 జనవరిలో విన్ యెన్ దగ్గర బయలు ప్రదేశంలో ఫ్రెంచివాళ్ల మీదికి పెద్ద సైన్యాన్ని నడిపించాడు. విమానాలు నాపామ్ బాంబులు కురిపించాయి. వేలమంది కుర్రాళ్లు పోయారు. ఆ ఏడాదే మరో రెండు చోట్ల ఇంచుమించు అదే జరిగింది. తొందరపడితే ఎంత మూల్యం చెల్లించాలో ఆ మాస్టారికి అక్కడ తెలిసింది.

ఇక డియన్ బియన్ ఫూ. వియత్నాం వాయవ్య మూలన, లావోస్ సరిహద్దు దగ్గర, చుట్టూ కొండలతో మూకుడులాంటి లోయ. 1953 నవంబరు 20న ఫ్రెంచి పారాచూట్ దళాలు అక్కడ దిగాయి. గియాప్ నడిపే వియత్ మిన్ సైన్యాన్ని అక్కడికి రప్పించి ఫిరంగులతో, విమానాలతో తుడిచిపెట్టాలన్నది వాళ్ల పథకం. ఆ కొండల మీదికి ఎవరూ పెద్ద ఫిరంగులు ఎక్కించలేరని వాళ్ల ధీమా.

ఎక్కించారు. చైనా ఇచ్చిన 105 మిల్లీమీటర్ల ఫిరంగుల్ని దారి ఉన్నంతవరకు లారీల మీద తెచ్చి, ఆపైన తాళ్లు కట్టి మనుషులే లాగారు. జనవరి 25న దాడి అనుకున్నారు, ఒక రోజు వెనక్కి జరిగింది. రెండు మూడు రోజుల్లో ముగించేయాలన్నది ఆలోచన. చైనా సలహాదారులు సరేనన్నారు, సైనికులూ ఉత్సాహంగా ఉన్నారు.

దాడికి ముందు రాత్రి గియాప్ రెప్ప వాల్చలేదు. తలనొప్పికి తలకు ఆకు కట్టు కట్టించుకుని కూర్చున్నాడు. ఇంత గట్టి కోటను తన దళాలు ఎన్నడూ కొట్టలేదు. ఇన్ని ఫిరంగులూ కాల్బలమూ కలిసి దాడి చేసిన అనుభవం లేదు. తెల్లవారితే బయలులో విమానాలకు చిక్కుతారు. గెలుపు ఖాయమనుకుంటేనే దిగమని వియత్ మిన్ నాయకుడు హో చి మిన్ ముందే చెప్పి పంపాడు. పొద్దున్నే తోటి నాయకుల్ని పిలిచి, తప్పకుండా గెలుస్తామని మీలో ఎవరైనా హామీ ఇవ్వగలరా అని అడిగాడు. ఎవరూ ఇవ్వలేకపోయారు. ఆయన మొదటి భార్య ఫ్రెంచివాళ్ల జైల్లో చనిపోయింది. పగ తీర్చుకోవాలని ఉబలాటపడటానికి ఆయనకన్నా ఎక్కువ కారణం ఎవరికుంటుంది? అయినా దాడి ఆపేశాడు. చచ్చీ చెడీ ఎక్కించిన ఫిరంగుల్ని మళ్లీ కిందికి దించమన్నాడు!

దించడం ఇంకా కష్టమైంది. ఫిబ్రవరి 1న ఒక ఫిరంగి తాడు తెంచుకుని దొర్లిపోతుంటే తో విన్ డియెన్ అనే సైనికుడు దాని చక్రానికి అడ్డంపడి ప్రాణం వదిలాడు. వియత్నాంలో ఆయన పేరు ఇప్పటికీ తలుచుకుంటారు.

తర్వాతి నెలన్నర దారులు వేశారు, కొండల కడుపులు తొలిచి ఫిరంగులకు గూళ్లు కట్టారు, బియ్యం మోశారు. రెండున్నర లక్షలమందికి పైగా మామూలు జనం కూలీలుగా వచ్చారు. సుమారు 20 వేల సైకిళ్లు దిగాయి. హ్యాండిల్‌కు ఒక వెదురు కర్ర, సీటు వెనక మరో కర్ర కట్టి, పక్కనే నడుస్తూ ఒక్కో సైకిలు మీద 200 కిలోలకు పైగా తోసుకుపోయేవారు. విమానాలున్న సైన్యం మీద సైకిళ్లు గెలిచాయని కొందరు ముచ్చటగా చెబుతారు. ఫిరంగులు చైనావన్న సంగతి ఆ ముచ్చటలో జారిపోతుంది.

మార్చి 13న దాడి మొదలైంది. మొదటి రాత్రే ఒక ముఖ్యమైన స్థావరం పడిపోయింది. శత్రువు ఫిరంగుల్ని ఇట్టే అణిచేస్తానన్న ఫ్రెంచి ఫిరంగి దళాధిపతి పిరో రెండు రోజులకే గ్రెనేడ్‌తో ప్రాణం తీసుకున్నాడు. నెలాఖరుకు విమానాలు దిగే దారి మూసుకుపోయింది. తర్వాతంతా కందకాలు, వాన, బురద. మే 7న ఫ్రెంచి సైన్యం లొంగిపోయింది. మర్నాడే జెనీవాలో ఇండోచైనా చర్చలు మొదలయ్యాయి. ఆ చర్చల్లో కుదిరిన ఒప్పందం అమలును చూసే అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత భారతదేశానికి దక్కింది.

ఈ గెలుపు చవగ్గా రాలేదు. వియత్నాం వైపే వేలమంది పోయారు. బందీలైన ఫ్రెంచి సైనికులు పదివేలకు పైనే, వాళ్లలో చాలామంది నిర్బంధంలోనే చనిపోయారు.

మీరు విదేశంలో చదువుతుంటే మీ క్లాసులో వియత్నాం పిల్లలు ఉండవచ్చు. వాళ్లింట్లో గియాప్ పేరు ఎత్తేముందు ఒక్క సంగతి తెలుసుకోండి. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయినప్పుడు ఉత్తర వియత్నాం రక్షణమంత్రి ఈయనే. ఆ తర్వాత లక్షలమంది పడవలెక్కి దేశం విడిచారు. 2013 అక్టోబరులో 102 ఏళ్ల వయసులో ఆయన పోతే హనోయిలో జనం బారులు తీరి నివాళులర్పించారు. మీ స్నేహితుడి తాతయ్యకు ఆ వార్త మరోలా వినపడి ఉండవచ్చు. ఆయన చెప్పేదుంటే ముందు అది వినండి. డియన్ బియన్ ఫూ గురించి తర్వాత అడగండి.