బాబ్సన్ మాట విని అమ్మేసినవాడికి ఏం మిగిలింది?

1929 సెప్టెంబరు 5. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వెల్స్‌లీలో వ్యాపారుల వార్షిక సదస్సు. 54 ఏళ్ల పెట్టుబడి సలహాదారు రోజర్ బాబ్సన్ లేచి, నిరుడూ ముందటేడూ ఇదే రోజుల్లో చెప్పిన మాటనే మళ్లీ చెబుతున్నానన్నాడు. ఇవాళ కాకపోతే రేపు మార్కెట్ కూలుతుంది, ఆ కూలడం ఘోరంగా ఉండొచ్చు. డౌ జోన్స్ సూచీ 60 నుంచి 80 పాయింట్లు పడుతుందని అంకె కూడా చెప్పాడు. అంతకు రెండు రోజుల ముందే ఆ సూచీ 381.17 దగ్గర ముగిసింది. అదే ఆనాటి శిఖరం. బాబ్సన్ మాట వాల్‌స్ట్రీట్‌కు చేరిన మధ్యాహ్నం సూచీ దాదాపు 10 పాయింట్లు జారింది. ఆ పతనానికి ‘బాబ్సన్ బ్రేక్’ అన్న పేరు నిలిచిపోయింది.

అక్టోబరు 28న 38.33 పాయింట్లు, మర్నాడు 30.57 పాయింట్లు పోయాయి. రెండు రోజులకు కలిపి 68.90. ఆయన చెప్పిన 60–80 మధ్యే. ఈ ఒక్క లెక్కతో బాబ్సన్‌ను ద్రష్టగా చెప్పుకొంటారు. ‘నిరుడూ ముందటేడూ’ అన్న మాటను మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నాకు అసలు కథ అక్కడే కనిపిస్తుంది.

తొలి హెచ్చరిక విని ఒకాయన 1927 చివర్లో షేర్లన్నీ అమ్మేశాడనుకుందాం. అప్పుడు సూచీ 202.40. ఆ స్థాయిని 100 డాలర్లు అనుకుని, డివిడెండ్లు పక్కన పెట్టి చూద్దాం. అమ్మకుండా ఉంచుకున్న పొరుగువాడి 100 డాలర్లు 1928 చివరికి 148 అయ్యాయి, 1929 సెప్టెంబరు 3కు 188 అయ్యాయి. అమ్మినాయన ఈ ఇరవై నెలల్లో చాలా భాగం పొరుగువాడి లాభం చూస్తూ కూర్చోవాలి. ఇంట్లోవాళ్ల మాటలూ పడాలి. అంత ఘోరమైన అక్టోబరు 29 సాయంత్రానికి కూడా పొరుగువాడి దగ్గర ఇంకా 114 డాలర్లున్నాయి! ఈ పతనంలో నవంబరు 13న సూచీ 198.69కి దిగినప్పుడు గానీ అమ్మినాయనది పైచేయి కాలేదు. అదీ రెండు డాలర్ల తేడాతో. 1930 ఏప్రిల్‌కు సూచీ 294కు లేచి, పొరుగువాడు మళ్లీ 145 దగ్గరున్నాడు. తుది తీర్పు 1932 జులై 8న వచ్చింది. ఆ రోజు సూచీ 41.22. పొరుగువాడి చేతిలో 20 డాలర్లు.

జోస్యం నిజమైంది. కానీ దాన్ని నమ్మినవాడు నాలుగున్నరేళ్లు ఆగాల్సి వచ్చింది. ఎందుకిలా? బాబ్సన్ పద్ధతిలోనే జవాబుంది. ఎంఐటీలో 1898లో ఇంజినీరింగ్ ముగించినవాడు, న్యూటన్‌కు వీరాభిమాని. క్షయ సోకి, చల్లగాలిలోనే ఉండాలని వైద్యులు చెబితే, 1904లో భార్య గ్రేస్‌తో కలిసి వెల్స్‌లీలోనే గణాంకాల సంస్థ మొదలుపెట్టాడు. పెట్టుబడి 1,200 డాలర్లు. న్యూటన్ చెప్పినట్టు చర్యకు ప్రతిచర్య ఉన్నట్టే వ్యాపారంలోనూ ఎంత పొంగు ఉంటే అంత కుంగు ఉంటుందని నమ్మి, వ్యాపార పటంలో సాధారణ స్థాయి అని ఒక గీత గీసి, దాని పైన పోగైన విస్తీర్ణానికి సమానంగా కింద కూడా పోగవ్వాలన్నాడు. కింద పోగవ్వాల్సింది ఎంతో ఆ పటం చెబుతుంది, ఎప్పుడు మొదలవుతుందో చెప్పదు. 60–80 అన్న అంకె కూడా చివరికి చాలలేదు. శిఖరం నుంచి సూచీ దాదాపు 340 పాయింట్లు పడింది, అంటే 89 శాతం. ఆ శిఖరాన్ని మళ్లీ దాటింది 1954 నవంబరులో.

ఆ ఉపన్యాసంలో సలహా ఇంకొకటుంది. బాబ్సన్ పుట్టింది గ్లోస్టర్‌లో, చేపల వేటకు పేరుపడ్డ రేవు. తెలివైన పెట్టుబడిదారు ఇప్పుడు అప్పులు తీర్చేసి తెరచాపలు కుదించుకుంటాడని ఆ రేవు భాషలోనే అన్నాడు. దీని విలువ కట్టి చూడండి. ఆనాడు కొంత సొంత డబ్బు పెట్టి మిగతాది బ్రోకర్ దగ్గర అప్పు చేసి షేర్లు కొనేవారు. అక్టోబరు నాటికి అలాంటి అప్పులు సుమారు 850 కోట్ల డాలర్లు. అక్టోబరు 26, శనివారం ముగింపు 298.97. ఆ ధరకు సొంతంగా 20, అప్పుగా 80 డాలర్లు పెట్టి కొన్నవాడి షేర్ల విలువ మంగళవారం సాయంత్రానికి 77. అప్పు మాత్రం 80. మూడే రోజుల్లో సొంత సొమ్మంతా పోయి, పైగా మూడు డాలర్లు బాకీ. అప్పు లేకుండా 100 పెట్టినవాడికి 77 మిగిలాయి, ఎదురుచూసే ఓపిక కూడా మిగిలింది. బాకీ కట్టమనే బ్రోకర్ ఫోను ఆ రెండోవాడికి రాదు. తేదీ తెలియకపోయినా పనిచేసే సలహా అదొక్కటే. అందుకే కూలుతుందన్న జోస్యం కన్నా నేను దీనికే ఎక్కువ మార్కులు వేస్తాను.

బాబ్సన్ 1967 దాకా, 91 ఏళ్లు బతికాడు. 1919లో ఒక వ్యాపార విద్యాసంస్థ పెట్టాడు, అదే ఇవాళ్టి బాబ్సన్ కాలేజీ. 1940లో మద్యనిషేధ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడితే 58 వేల లోపు ఓట్లొచ్చాయి. మాంద్యం కాలంలో చేసిన ఒక పని మాత్రం గ్లోస్టర్ పక్కన, డాగ్‌టౌన్ అనే పాడుబడిన ఊరి అడవిలో ఇప్పటికీ కనిపిస్తుంది. పని లేక కూర్చున్న ఫిన్లాండ్ సంతతి రాతిపనివాళ్లకు కూలి ఇచ్చి, అక్కడి బండల మీద తను నమ్మిన మాటలు చెక్కించాడు. అలాంటి బండలు రెండు డజన్ల దాకా ఉన్నాయి. అప్పుల జోలికి పోవద్దన్న మాట వాటిలో ఒకదాని మీద లోతైన పెద్దక్షరాల్లో ఉంది.