పిల్ల పడవలో సముద్రయానం!

నాలుగైదు మీటర్ల పడవ. గది ఉండదు, వంటిల్లు ఉండదు, మంచం అసలే ఉండదు. అయినా అందులోనే వండుకుంటారు, అందులోనే పడుకుంటారు, తీరం వెంట రోజుల తరబడి తిరిగొస్తారు. బ్రిటన్‌లో డెబ్భై ఏళ్లుగా సాగుతున్న ఈ సరదాలోకి కొత్తవాళ్లు వచ్చి చేరుతూనే ఉన్నారు. అక్కడ వాళ్లు అన్నిటికన్నా ముందు నేర్చుకోవాల్సింది... వెనక్కి తిరగడం!

ఇంగ్లండ్ తూర్పు తీరం. ఎసెక్స్‌లోని వాల్టన్ బ్యాక్‌వాటర్స్. సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చి పాయలు పాయలుగా చీలిపోయిన చోటు అది. సాయంత్రమయ్యేసరికి పాయల్లో నీళ్లు మెల్లగా వెనక్కి పోతుంటాయి. లంగరేసిన చిన్న చిన్న పడవలు ఒక్కొక్కటే బురదలో కూర్చుండిపోతాయి. చుట్టూ కనుచూపు మేరా బురద. ఒడ్డుకు నడిచి వెళ్దామంటే మోకాలి లోతు దిగబడిపోతుంది. ఇక ఆ రాత్రికి ఎవరి పడవలో వాళ్లు ఖైదీలే!

కానీ ఎవరి మొహంలోనూ కంగారు కనిపించదు. అడ్డకొయ్య మీదుగా గుడారం గుడ్డ కప్పుకుని, చిన్న స్టవ్వు వెలిగించి టీ పెట్టుకుంటారు. ఆరు గంటలు ఆగితే మళ్లీ పోటు వస్తుంది, పడవ దానంతటదే తేలుతుంది. అంతవరకూ పక్కవాళ్లతో కేకలేసుకుంటూ కబుర్లు. ఈ సుఖం కోసమే వారమంతా ఎదురుచూస్తారు వాళ్లు.

మన మాటే... వాళ్ల పడవ!

తెరచాప పడవ షికారు అనగానే కోటీశ్వరులు, తెల్లటి యాట్‌లు, డెక్ మీద విందులు గుర్తొస్తాయి మనకి. వీళ్లది ఆ బాపతు కాదు. వీళ్ల పడవల్ని డింగీలంటారు. పైకప్పు లేని చిన్న పడవ అన్నమాట. ఆ పేరు కూడా ఇంగ్లిషువాళ్ల సొంతం కాదు, మన దేశంలోని డింగీల నుంచి అరువు తెచ్చుకున్నదే. కారు వెనక ట్రాలీకి తగిలించుకుని ఏ తీరానికైనా తీసుకెళ్లొచ్చు. ఇంటి వెనక షెడ్డులో పెట్టుకోవచ్చు.

డింగీలతో ఎక్కువమంది చేసేది పందేలు. క్లబ్బు ముందు నీళ్లలో మూడు బోయాల చుట్టూ తిరిగి, గంటలో ఒడ్డెక్కి, బట్టలు మార్చుకుని ఇంటికెళ్లిపోతారు. అలా కాకుండా ‘ఆ మలుపు అవతల ఏముందో చూసొద్దాం’ అనుకునేవాళ్లు కొందరుంటారు కదా. వాళ్లంతా కలిసి 1955లో పెట్టుకున్నదే డింగీ క్రూయిజింగ్ అసోసియేషన్. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ పోటీ పడరు. ముందొచ్చినవాళ్లకి ఒరిగేదల్లా లంగరేసుకోవడానికి కాస్త మంచి చోటు, అంతే.

ఈ సరదా మామూలు ఇళ్లలోకి రావడానికి ఓ దినపత్రిక పుణ్యం కూడా ఉంది. 1963లో ‘డైలీ మిర్రర్’ పత్రిక ఓ పడవ పథకం పెట్టింది. టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పించే బ్యారీ బక్‌నెల్, పడవల డిజైనర్ జాక్ హోల్ట్ కలిసి దాన్ని రూపొందించారు. ప్లైవుడ్ ముక్కల్ని రాగి తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ అంటించడమే. వడ్రంగం రానివాళ్లు కూడా ఇంట్లోనే చేసుకోవచ్చు. పొడవు 3.3 మీటర్లు. ధర 63 పౌండ్ల 11 షిల్లింగులు. పత్రిక రంగుకి తగ్గట్టు ఎర్ర తెరచాప. పత్రిక పేరే పడవకీ పెట్టేశారు. ఇప్పటికి 70 వేలకు పైగా మిర్రర్ పడవలు తయారయ్యాయి. ఎన్ని ఇళ్లలో వంటగదులు, పడకగదులు పడవల కార్ఖానాలయ్యాయో, ఎంతమంది ఇల్లాళ్లు ఆ జిగురు వాసనతో వేగారో!

ఆ పుస్తకాలు చదివి...

కొత్తవాళ్లు ఈ దారి పట్టడానికి చాలాసార్లు ఓ పుస్తకమే కారణమవుతుంది. ఆర్థర్ రాన్సమ్ రాసిన పిల్లల నవలలతో మొదలైన పిచ్చి కొందరిది. వాల్టన్ పాయల్లో నడిచే కథ కూడా ఆయన రాశాడు, 1939లో. ఎ.జె. మకినన్ అనే బడిపంతులు కథ చదివి బయల్దేరినవాళ్లు ఇంకొందరు. ఆయన 1997లో ఓ పాత మిర్రర్ పడవ ఎక్కి, బ్రిటన్ నదుల్లో కొన్నాళ్లు తిరిగొద్దామనుకున్నాడు. అలా పోయి పోయి ఇంగ్లిష్ చానెల్ దాటి, యూరప్ నదులూ కాలువలూ పట్టుకుని, పన్నెండు దేశాల మీదుగా నల్ల సముద్రం చేరాడు!

అందరికన్నా పెద్ద పేరు మాత్రం ఫ్రాంక్ డైది. నార్‌ఫోక్‌లో కార్ల వ్యాపారం చేసుకునే మనిషి. ఇయాన్ ప్రాక్టర్ 1957లో డిజైన్ చేసిన వేఫేరర్ రకం పడవ ఆయనది. పొడవు 4.82 మీటర్లు, పేరు ‘వాండరర్’. పైన కప్పు లేని ఆ పడవలో 1963లో ఓ మిత్రుడితో కలిసి స్కాట్లండ్ నుంచి ఐస్‌లాండ్‌కి వెళ్లాడు. సుమారు 650 మైళ్లు. ఆ మరుసటి ఏడాది నార్వేకి. ఆ ప్రయాణంలో పెనుగాలికి పడవ నాలుగుసార్లు బోల్తా పడింది, తెరచాప కొయ్య విరిగిపోయింది. అయినా ఇద్దరూ బతికి ఒడ్డు చేరారు. ఆయన 2010లో కన్నుమూశాడు. పడవ మాత్రం కార్న్‌వాల్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియానికి చేరింది.

ఇలాంటి కథ చదివాక కుర్రాళ్లకే కాదు, అరవై ఏళ్ల పెద్దమనిషికి కూడా ఒళ్లు పులకరిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. డై సాహసాన్ని చూసేవాళ్లకి ఆయన తయారీ కనపడదు. గాలి మరీ పెరిగితే ఆయన తెరచాప కొయ్యని పడవలోకి దించేసేవాడు. నీటి గొడుగులాంటి సముద్రపు లంగరుని ముందుకి వదిలి, పడవ ముక్కుని అలలకి ఎదురుగా నిలబెట్టేవాడు. ఇదంతా వెళ్లేముందే సాధన చేసుకున్న పని. ఆయన భార్య మార్గరెట్ కూడా పడవ మనిషే. 1992లో ఆమె డింగీ క్రూయిజింగ్ మీద ఓ పుస్తకం రాసింది. కొత్తవాళ్లకి ఐస్‌లాండ్ కథకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

‘బయల్దేరమంటారా?’

బ్రిటన్‌లో సొంత సరదాకి చిన్న పడవ నడపాలంటే లైసెన్సు అక్కర్లేదు. స్కూటరుకి కావాలి గానీ సముద్రానికి అక్కర్లేదన్నమాట! రాయల్ యాటింగ్ అసోసియేషన్ రెండేసి రోజుల మొదటి పాఠాలు నేర్పిస్తుంది. చేరడం, చేరకపోవడం మన ఇష్టం. అయితే ప్రయాణానికి ముందు వాతావరణం, ఆటుపోట్లు చూసుకుని పథకం వేసుకోవాలన్న అంతర్జాతీయ నియమం 2002 నుంచీ ఇలాంటి చిన్న పడవలకి కూడా వర్తిస్తోంది. అంటే అడ్డుకునేవాళ్లు లేరు, లెక్క మాత్రం ఎవరిది వాళ్లే వేసుకోవాలి.

కలిసి తిరగడానికి ఓ చోటు, ఓ తేదీ అనుకుంటారు. ట్రాలీల మీద పడవలు దిగుతాయి. కొత్తగా వచ్చినాయన నేరుగా ఓ పెద్దాయన దగ్గరికెళ్లి అడుగుతాడు, ‘ఇవాళ బయల్దేరమంటారా?’ అని. అక్కడే ఆయనకి మొదటి ఆశ్చర్యం ఎదురవుతుంది. వెళ్లమనీ చెప్పరు, వద్దనీ చెప్పరు! ‘నేనైతే పదింటికి పోటు తిరిగేదాకా ఆగుతా’ అంటాడు పెద్దాయన. ‘మధ్యాహ్నానికి గాలి పెరుగుతుందన్నారు. నేను తెరచాప ఇక్కడే కుదించుకుని వెళ్తున్నా’ అంటుంది పక్క పడవావిడ. అంతే. ఎవరి పడవకి వాళ్లే సరంగు. నిర్ణయం కూడా వాళ్లదే.

పైకి ఇది కాస్త కఠినంగానే కనిపిస్తుంది. కొత్తవాణ్ని అలా వదిలేస్తారా అనిపిస్తుంది. కానీ ఇందులో మెలకువ ఉంది. నాయకుడంటూ ఒకడుంటే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. పెళ్లి బస్సెక్కినట్టు వెనకాలే పోతారు. ఆరు మీటర్ల పడవలో ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి దాటే అలని, మూడు మీటర్ల పడవలో మూడో వారం మనిషి దాటలేకపోవచ్చు. ఆ తేడా తెలియాల్సింది ఆ మూడో వారం మనిషికే. గాలి వేగం రెట్టింపయితే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. గాలి ఓ వైపు, పోటు ఇంకోవైపు లాగుతుంటే అప్పటిదాకా బుద్ధిగా ఉన్న నీళ్లు నిటారుగా లేచి నిలబడతాయి. గంటకి 20 నుంచి 28 కిలోమీటర్ల గాలి, అంటే బ్యూఫోర్ట్ కొలతలో నాలుగు దాటితే, చాలామంది అనుభవజ్ఞులు ఒడ్డునే ఉండిపోయి ఇంకో టీ పెట్టుకుంటారు. సగం దారిలో పడవ తిప్పుకుని వచ్చినవాణ్ని ఎవరూ ఎగతాళి చేయరు. ‘మంచిపని చేశావ్’ అంటారు. మగతనం, పౌరుషం లాంటివి నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లకి ఇది మింగుడుపడటానికి కొంత కాలం పడుతుంది.

పన్నెండు అడుగుల లెక్క

బడిలో ఎక్కాలంటే పారిపోయినవాళ్లు కూడా ఇక్కడ నోటి లెక్కలు కట్టాల్సిందే. తూర్పు తీరంలో పెద్ద పోటు రోజుల్లో నీరు సుమారు పన్నెండు అడుగులు దిగుతుంది. దిగడానికి కొంచెం అటూ ఇటూగా ఆరు గంటలు. గంటకి రెండడుగుల చొప్పున దిగుతుందనుకుంటే పొరపాటే. మొదటి గంటలో ఒక్క అడుగే. రెండో గంటలో రెండు. మూడు, నాలుగు గంటల్లో మూడేసి. అయిదో గంటలో మళ్లీ రెండు. ఆరో గంటలో ఒకటి. అందుకే ‘ఇంకా చాలా నీళ్లున్నాయిలే’ అనుకుంటూ భోంచేసి లేచేసరికి పడవ కింద బురద కనిపిస్తుంది. ఆ మధ్య రెండు గంటల్లో పాయలోంచి బయటికి పోయే నీటి ఉరవడికి ఎదురు తెడ్డేయడం ఎవరి తరమూ కాదు. మన గోదారి లంకల్లో పుట్టి పెరిగినవాళ్లకి నీటి వాలు చూసి పడవ తీయడం ఎవరూ నేర్పక్కర్లేదు. లండన్ ఆఫీసులో కూర్చుని పనిచేసే మనిషికి మాత్రం అది కొత్త అక్షరాభ్యాసమే.

లెక్కలకన్నా భయపెట్టేది చలి. బ్రిటన్ చుట్టూ సముద్రం ఏడాది సగటున 12 డిగ్రీలే. మే నెలలో ఎండ చూసి మురిసిపోయి చొక్కాతో దిగితే అంతే సంగతులు. ఎందుకంటే నేల వేడెక్కినంత తొందరగా నీళ్లు వేడెక్కవు. అలాంటి నీళ్లలో హఠాత్తుగా పడితే ఊపిరి మన మాట వినదు. ఎగశ్వాస పట్టుకుంటుంది. ఆ సమయంలో మింగిన ఒక్క గుక్క నీరు చాలు. ఈదగాళ్లు కూడా అక్కడే పోతారు. 1824 నుంచీ తీరాన్ని కాస్తున్న స్వచ్ఛంద సంస్థ రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ చెప్పేది అదే... ఈదాలని చూడొద్దు, ముందు వెల్లకిలా తేలండి, ఊపిరి దారిలోకి వచ్చాకే మిగతాదంతా అని.

అందుకే కొత్తవాళ్లు మొదటి ప్రయాణానికి ముందు ఓ విచిత్రమైన పని చేయాలి. పడవని కావాలనే బోల్తా కొట్టించాలి! అదీ ఖాళీ పడవని కాదు. గుడారం, స్టవ్వు, నీళ్ల డబ్బా, పక్కబట్టలు అన్నీ సర్దుకున్నాక, నడుంలోతు నీళ్లలో. ఏ మూట ఊడిపోయింది, ఏ సంచిలోకి నీళ్లెళ్లాయి, పడవని నిలబెట్టాక అంచు పట్టుకుని లోపలికి ఎక్కగలమా లేదా... అన్నీ అప్పుడే తేలిపోతాయి. ఎక్కలేకపోయినవాళ్లు తాడుతో ఓ మెట్టు కట్టుకుంటారు. నీళ్లు తోడే బకెట్‌ని తాడుతో కట్టేయడం కూడా సాధారణంగా ఆ రోజే నేర్చుకుంటారు.

తప్పులే పాఠాలు

ఈ సంఘానికి ‘డింగీ క్రూయిజింగ్’ అని ఓ త్రైమాసిక పత్రిక ఉంది. అందులో సభ్యులే తమ ప్రయాణాల గురించి రాస్తారు. గొప్పలకన్నా అగచాట్లే చదవబుద్ధేసేలా ఉంటాయి. లంగరు జారిన రాత్రి, తప్పు పాయలోకి తిరిగిన ఉదయం, తడిసిన అగ్గిపెట్టె... జరిగింది జరిగినట్టు రాస్తే పదిమంది ఆ తప్పు చేయకుండా ఉంటారు. పరువు పోతుందని దాచుకుంటే ఇంకెవరో అదే గుంటలో పడతారు. ఈ సంఘం అధ్యక్ష బాధ్యతలు చూసిన రోజర్ బార్న్స్ 2014లో ఓ పుస్తకం తెచ్చాడు. ‘ఇలుర్’ అనే ఫ్రెంచి డిజైన్ పడవ ఆయనది, పొడవు సుమారు నాలుగున్నర మీటర్లు. పడవలో ఎలా పడుకోవాలి దగ్గర్నుంచి, ఎప్పుడు ఊరికే కూర్చోవాలి అన్నదాకా అన్నీ రాశాడు.

మన దగ్గరా తెరచాపలు లేకపోలేదు. హుస్సేన్ సాగర్‌లో రెండు మీటర్ల పైచిలుకు ఆప్టిమిస్ట్ పడవల్లో పిల్లలు పందేలకి తయారవుతుంటారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయల్దేరి, 2018 మేలో ప్రపంచాన్ని చుట్టి వచ్చిన నౌకాదళం పడవ ‘తారిణి’లోని ఆరుగురు మహిళల్లో ఇద్దరు తెలుగువాళ్లే... విశాఖ నుంచి స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. కానీ పందెమూ కాకుండా, రికార్డూ కాకుండా, సొంత పడవేసుకుని నాలుగు రోజులు తీరం వెంట ఊరికే తిరిగొచ్చే అలవాటు మాత్రం మన దగ్గర పెద్దగా కనపడదు. అంత పొడవు తీరం ఉండీ!

అక్కడ చలికాలం వచ్చేసరికి పడవలన్నీ షెడ్డుల్లోకి చేరతాయి. అడుగు గీకడం, రంగేయడం, చిరిగిన తెరచాప కుట్టుకోవడం... ఈ పనుల మధ్యే వచ్చే ఏడాది ఆటుపోట్ల పట్టిక చేతికొస్తుంది. పోయిన వేసవిలో ‘బయల్దేరమంటారా’ అని అడిగిన పెద్దమనిషి ఈసారి దాన్ని తనే ముందేసుకుని కూర్చుంటాడు. ఏ శనివారం పోటు పొద్దున పదింటికి వస్తుందో వెతికి, పెన్సిలుతో గుండ్రంగా చుట్టి పెట్టుకుంటాడు.